ఒడ్డు చూసి పడవ కొనండి
(చెన్నైలో సెయిలింగ్ మీద ఆసక్తి ఉన్న తెలుగువాళ్ళ కోసం చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడినదాన్ని కొద్దిపాటి సవరణలతో రాసినది.)

అందరికీ నమస్కారం. సూటిగా విషయంలోకి వస్తాను. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలైతే ఈ గదిలో ఎవరూ మిగలరని తెలుసు.

మీలో చాలామందిది ఒకటే ప్రశ్న. ఉన్నది కాటమరాన్, అంటే రెండు ఒళ్ళ తెరచాప పడవ. ఆ మోడల్ ఆగిపోయింది. హోబీ 17, హోబీ 18, ప్రిండిల్ 16, ప్రిండిల్ 18 ఇవేవీ ఇప్పుడు కొత్తగా తయారు కావు. దాని బదులు ఏది కొనాలి? మామూలుగా అందరూ ఏం చేస్తారంటే, పాత పడవ ఎన్ని అడుగులు, తెరచాప ఎంత అని కాగితం మీద రాసుకుని, ఆ అంకెలకి దగ్గరగా ఉన్నదాని కోసం కేటలాగులు తిరగేస్తారు. అది తలకిందుల లెక్క. మీ ఒడ్డు ఎలాంటిది, పడవని నీళ్ళలోకి దింపడానికి ఎన్ని చేతులున్నాయి, విరిగితే బాగుచేసేవాడు ఎంత దూరంలో ఉన్నాడు, ఈ మూడూ ముందు చూసుకోండి. అప్పుడు లిస్టులో రెండో మూడో పేర్లే మిగులుతాయి.

మాట వచ్చింది కాబట్టి ఒక్క నిమిషం. కాటమరాన్ అన్న పేరు ఈ ఊరి కట్టుమరమే. దుంగలు పక్కపక్కన పేర్చి తాడుతో కట్టింది, మన తీరంలో తెప్ప అంటాం. పదిహేడో శతాబ్దం చివర్లో విలియం డాంపియర్ ఈ కోరమాండల్ తీరం గురించి రాస్తూ ఆ మాట ఇంగ్లీషులోకి తీసుకుపోయాడు. ఈరోజు మనం మాట్లాడుకునేది మాత్రం తెప్ప కాదు. నీళ్ళ మీద తేలే రెండు పొడవాటి ఒళ్ళు, అంటే హల్‌లు, వాటిని కలుపుతూ మధ్యలో రెండు అల్యూమినియం క్రాస్‌బార్‌లు, వాటి మీద మనుషులు కూర్చోడానికి బిగించిన గుడ్డ, ట్రాంపొలిన్. పేరు మనది, ఒళ్ళు వేరేవాళ్ళది.

సరే. కొత్తది కొనేముందు పాతది నిజంగా పోయిందా లేదా తేల్చుకోండి. మోడల్ ఆగిపోగానే పడవ చచ్చిపోదు. కంపెనీ మాత్రమే ఇవ్వగల భాగాలు కొన్నే ఉంటాయి: హల్, తెరచాపని నిలిపే స్తంభం అంటే మాస్ట్, అది కింద కూర్చునే స్టెప్, చుక్కాని క్యాస్టింగ్‌లు, క్రాస్‌బార్ హల్‌ని పట్టుకునే చోట ఉండే అమరికలు. మిగతాదంతా బజారు సరుకే. బ్లాకులు అనే కప్పీలు, తాళ్ళు, తగిలించే షాకిల్స్ ఏ పడవకైనా ఒకటే. మాస్ట్‌ని పట్టి నిలబెట్టే ష్రౌడ్ తీగలు కావాలంటే పాత తీగ మందం, రెండు కొసల పిన్ను రంధ్రాల మధ్య దూరం మిల్లీమీటర్లలో కొలిచి ఇవ్వండి, చేసిస్తారు. ట్రాంపొలిన్ కూడా జీపు హుడ్లు కుట్టేవాళ్ళు కుట్టేస్తారు. కాకపోతే దారం దగ్గర గట్టిగా చెప్పాలి: ఎండకి తట్టుకునే పాలియెస్టర్ దారమే వాడాలి. ట్రాంపొలిన్ చిరిగేది గుడ్డ దగ్గర కాదు, కుట్టు దగ్గర. పాతదాన్ని కొనేటప్పుడు కూడా కుట్టు మీద గోరు పెట్టి గీరి చూడండి. దారం పొడిలా రాలితే ఆ ట్రాంపొలిన్ మీద మనిషి నిలబడకూడదు.

కాబట్టి పరీక్ష హల్ దగ్గర మొదలుపెట్టాలి. ఫైబర్ హల్ లోపల చాలావాటిలో నురుగు పొర ఉంటుంది. బయట ఒక ఫైబర్ పొర, మధ్యలో నురుగు, లోపల ఇంకో ఫైబర్ పొర. కాలం గడిచేకొద్దీ బయటి పొర నురుగునుంచి విడిపోతుంది. ఎక్కువగా ముందు క్రాస్‌బార్‌కి ముందుండే డెక్ మీద, అంటే హల్ పైభాగం మీద. రెండు బొటనవేళ్ళతో నొక్కుతూ వెళ్ళండి, తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. గట్టిగా ఉన్నచోట టక్‌మని మోగుతుంది, విడిపోయినచోట పుచ్చిన కొబ్బరికాయలా డొల్లగా వినిపిస్తుంది. ఆ మేరకి పెన్సిల్‌తో గీత గీయండి. అరచేయంత మచ్చ అయితే బాగవుతుంది: పై పొరలో మాత్రమే 3 మిల్లీమీటర్ల రంధ్రాలు అంగుళానికి ఒకటి చొప్పున వేసి, లోపల తేమ పూర్తిగా ఆరనిచ్చి, పలచటి ఎపాక్సీ సిరంజితో ఎక్కించాలి. పక్క రంధ్రంలోంచి ఉబికి వచ్చేదాకా ఎక్కించి, పైన ప్లాస్టిక్ కాగితం పరిచి ఇసుక మూట బరువు పెట్టాలి. ఇక్కడ చెడిపోయేది తేమ వల్లే. చెన్నై గాలిలో నవంబరులో ఈ పని చేస్తే ఎపాక్సీ అతకదు, వేసవిలో చెయ్యండి. ఆ మెత్తదనం క్రాస్‌బార్ పాదం చుట్టూ పాకి ఉంటే మాత్రం ఆశ వదులుకోవాలి. తెరచాప బలమంతా అక్కడే దిగుతుంది.

లీకు చూడటానికి డ్రెయిన్ ప్లగ్ రంధ్రంలో గాలి ఊది, అతుకుల మీద సబ్బు నీళ్ళు రాస్తే బుడగ వస్తుంది. ఊదేది నోటితోనో, వ్యాక్యూమ్ క్లీనర్ వెనక గాలితోనో. టైరు కంప్రెసర్ పెట్టారంటే లీకు వెతకడం కాదు, అతుకు విప్పడమే.

మాస్ట్ వంగిందేమో చూడటానికి తెరచాప దూరే గాడి వెంట ఒక కన్ను మూసి చూడండి. వంపు తేలిపోతుంది. మాస్ట్ పోతే, ఇంకో కంపెనీ మాస్ట్ అమర్చడం తేలికనుకోవద్దు. దాని వంగే తీరు వేరు, గాడి వేరు, దానికి తగ్గట్టు తెరచాప కూడా మార్చాలి. హల్, మాస్ట్, చుక్కాని క్యాస్టింగ్‌లు, ఈ మూడింటిలో రెండు పోయాయంటే కొత్త పడవ కొనడమే చవక.

ఇప్పుడు అసలు సంగతి, ఒడ్డు.

చెన్నైలో పోటుకీ పాటుకీ తేడా సుమారు ఒక మీటరే. అందుకే నీళ్ళు వెనక్కి వెళ్ళి చదునైన తడి ఇసుక బయటపడదు. ఎప్పుడు చూసినా అల ఒడ్డుకి దగ్గరలోనే, నిటారుగా దిగే ఇసుక మీద విరుగుతుంది. పడవ తోసిన పది అడుగులకే మీరు కెరటాల మధ్యలో ఉంటారు. ఈ ఒక్క కారణంతోనే సగం మోడల్స్ లిస్టులోంచి పోతాయి. డాగర్‌బోర్డుల సంగతి చెబుతాను, వినండి.

హల్ అడుగున కిందికి దిగే పలకే డాగర్‌బోర్డు. పడవ పక్కకి కొట్టుకుపోకుండా ఆపేది అదే. రేసుల్లో దాని వల్ల ఎంతో లాభం. కానీ ఒడ్డు దగ్గర ఏం జరుగుతుందో చూడండి. మధ్యాహ్నం ఆగ్నేయంనుంచి గాలి, 12 నాట్లు. ముందు ఒకరు రెండు హల్‌ల ముక్కుల నుంచి వచ్చే బ్రిడిల్ తీగ పట్టుకుని పడవ ముక్కు అలలవైపు తిప్పి నిలబెట్టారు. వెనక ఒకరు ట్రాంపొలిన్ మీదకి ఎక్కారు. మోకాళ్ళ లోతు నీళ్ళు. బోర్డు దింపితే ఇసుకకి తగులుతుంది, కాబట్టి పైకే ఉంది. చుక్కానులు కూడా పైకే ఉన్నాయి. ముందున్నాయన వదిలి ఎక్కాడు. తెరచాప లాగగానే పడవ ముందుకి ఒక గజం, పక్కకి రెండు గజాలు. అదే సమయానికి తర్వాతి అల. పడవ అడ్డం తిరిగింది, ఒక హల్ కింద నీళ్ళు లేచాయి. బోర్డు సగం దింపి ఉంటే అది ఇసుకలో కూరుకుని, పడవ దాని మీదే మెలితిరిగి, బోర్డు దూరే గూడు పగులుతుంది. ఆ పగులు హల్ లోపలి వైపు ఉంటుంది కాబట్టి, హల్‌లో నీళ్ళు చేరేదాకా కనిపించదు.

హోబీ 16లో బోర్డులు లేవు. దాని హల్ బయటి పక్క చదునుగా, లోపలి పక్క వంపుగా ఉంటుంది. గాలి పోయే వైపున్న హల్ నీళ్ళలో దిగినప్పుడు ఆ ఆకారమే బోర్డు పని చేస్తుంది. అడుగు అరటిపండులా వంగి ఉంటుంది కాబట్టి, చుక్కానులు పైకెత్తితే అడుగు లోతు నీళ్ళు కూడా అక్కర్లేదు. అలల మీదనుంచి ఒడ్డుకి రావడానికే కాలిఫోర్నియాలో దాని రూపకర్త హోబీ ఆల్టర్ ఆ ఆకారం పెట్టాడు. ఆర్‌ఎస్ కాట్ 14, కాట్ 16లలో దారి వేరు: హల్ అడుగునే నిలువుగా ఒక కదలని రెక్క, స్కెగ్, పోతపోసి ఉంటుంది. ఏదైనా సరే, కదిలే పలక లేకపోవడమే మనకి కావలసింది.

ఇక్కడ నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెబుతాను. కోవళం, ముట్టుకాడు వైపు బహిరంగ తీరం నుంచి దింపేవాళ్ళు డాగర్‌బోర్డు ఉన్న పడవ కొనొద్దు. ఫార్ములా 18 అద్భుతమైన పడవే. 5.52 మీటర్ల పొడవు, 2.60 మీటర్ల వెడల్పు, 180 కిలోలు. నాక్రా 15 చూస్తే ముచ్చటేస్తుంది. కానీ వాటికి కావలసింది హార్బర్ లోపలి నీళ్ళు, లేదా రాంపు. రాయల్ మద్రాస్ యాట్ క్లబ్‌లా చెన్నై పోర్టు గోడల మధ్యనుంచి దిగేవాళ్ళ లెక్క వేరు. వాళ్ళు మన మాట వినక్కర్లేదు.

చుక్కాని సంగతి. ఇసుకకి తగలగానే దానంతట అదే పైకి లేచే రకమే తీసుకోవాలి. ఆ లాకు లోపల ఒక ప్లాస్టిక్ క్యామ్, దాన్ని నొక్కిపెట్టే స్ప్రింగు, బిగింపు సరిచేసే స్క్రూ ఉంటాయి. ఎక్కువ బిగిస్తే ఇసుక తగిలినా లేవదు, క్యాస్టింగ్ విరుగుతుంది. తక్కువ బిగిస్తే వేగంలో సగం లేచిపోయి, చుక్కాని తిప్పే కర్ర, టిల్లర్, చెయ్యి పీకేసేంత బరువెక్కుతుంది. అప్పుడు అందరూ పడవది తప్పంటారు. ఇసుక రేణువు లోపలికి పోయినా అంతే. కొనేముందు పదిసార్లు దింపి, పదిసార్లు లేపి చూడండి. రెండు చుక్కానులూ దింపి లాకు చేసి, వాటి ముందు అంచుల మధ్య దూరం ఒకసారి, వెనక అంచుల మధ్య దూరం ఒకసారి కొలవండి. రెండూ సమానంగా ఉండాలి, లేదంటే ముందు దూరం 2, 3 మిల్లీమీటర్లు తక్కువ ఉండొచ్చు. అంతకు మించి తేడా ఉంటే రెండు చుక్కానులూ ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటూ పోతాయి. కలిపే గొట్టం పొడవు సరిచేస్తే పోయే జబ్బే అది, బేరానికి మాత్రం పనికొస్తుంది.

తర్వాత పదార్థం. ఫైబరా, ప్లాస్టిక్కా?

ప్లాస్టిక్ అంటే అచ్చులో తిప్పుతూ పోసిన పాలీఇథిలీన్. మేడ మీద నీళ్ళ ట్యాంకు ఉంటుందే, ఆ పద్ధతే. హోబీ వేవ్, గెటవే, ఆర్‌ఎస్ కాట్‌లు ఇవే. ఇసుక మీద ఈడ్చినా, రాయి తగిలినా ఫైబర్‌లా పెచ్చులూడదు. రిసార్టులో అద్దెకి ఇచ్చేవాళ్ళకి, నేర్పేవాళ్ళకి ఇదే హాయి. కానీ బరువు. హోబీ 16 బరువు 145 కిలోలు. అదే పొడవున్న గెటవే 177 కిలోలు. 32 కిలోల తేడా కాగితం మీద చిన్నదే, మెత్తటి ఇసుకలో సాయంత్రం ఆరింటికి ఇద్దరు లాగేటప్పుడు తెలుస్తుంది.

ఎండ సంగతి కూడా ఉంది. మే నెలలో పాలీఇథిలీన్ హల్‌ని ట్రెయిలర్ మీద పట్టీలతో బిగించి ఎండలో వదిలేస్తే పట్టీ ఉన్నచోట సొట్ట పడుతుంది. వెడల్పాటి మెత్త వేసి, రాత్రికి పట్టీ వదులు చెయ్యాలి. సొట్ట పడితే భయపడొద్దు, అదే ఎండలో పట్టీ తీసేసి ఉంచితే చాలావరకు తిరిగొస్తుంది.

మరమ్మతు లెక్క తీస్తే మన ఊరు ఫైబర్ వైపే మొగ్గుతుంది. 2004 సునామీ తర్వాత ఈ తీరమంతా కట్టుమరాలు పోయి ఫైబర్ పడవలు వచ్చాయి. కాశిమేడు చేపల రేవులోనే కాదు, ప్రతి మత్స్యకార కుప్పంలోనూ రెసిన్, మ్యాట్ పట్టుకుని అతుకు వెయ్యగలవాడు ఒకడుంటాడు. అతని పని మోటుగా ఉంటుంది, బరువు పెంచుతాడు, కానీ నీరు ఆపుతాడు. రెసిన్ ఎంత వెయ్యాలో మీరు పక్కన నిలబడి చెప్పాలి, అంతే. పాలీఇథిలీన్‌కి ఏ రెసినూ అతకదు. అదే ప్లాస్టిక్ కడ్డీతో వేడిగాలి పెట్టి వెల్డింగ్ చెయ్యాలి. రసాయన ట్యాంకులు వెల్డింగ్ చేసేవాళ్ళు చెయ్యగలరు, ముందే ఒకణ్ణి పట్టుకుని పెట్టుకోండి. ఎంసీల్ పూసి వచ్చానని చెప్పేవాణ్ణి నమ్మొద్దు.

బరువు మోయడమే కాదు, బోల్తా కొడితే లేపడం కూడా ఉంది. కాటమరాన్ కొన్నవాళ్ళెవరూ బోల్తా కొట్టకుండా తప్పించుకోలేరు. తెరచాపల్ని లాగే తాళ్ళు, అంటే షీట్లు, వదిలేసి, పడవ ముక్కు గాలివైపు తిప్పి, పై హల్ మీదనుంచి వేసిన తాడు పట్టుకుని కింది హల్ మీద నిలబడి వెనక్కి వాలాలి. మాస్ట్ నీళ్ళలోంచి చెయ్యెత్తు లేవగానే గాలి తెరచాప కిందికి దూరి మిగతా పని చేస్తుంది. ఆ మొదటి చెయ్యెత్తు లేపడానికే మనిషి బరువు కావాలి. హోబీ 16కి ఇద్దరి బరువు కలిసి 130 కిలోలు ఉంటే హాయి. దాని రేసుల్లో ఇద్దరి కనీస బరువు 129 కిలోలు పెట్టారు, మంచి గుర్తు. ఒక్కరే వెళ్ళేవాళ్ళు, పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు 111 కిలోల హోబీ వేవ్‌లాంటి 13 అడుగుల పడవ చూడండి. దాని తెరచాప 8.8 చదరపు మీటర్లే, హోబీ 16వి 20కి పైన. నీళ్ళు నింపి వీపుకి తగిలించుకునే సంచులు ఉంటాయి, పనిచేస్తాయి. అయితే సంచిలో నీళ్ళు సముద్రంలో ఉన్నంతసేపు బరువు లేవు, పైకి లేపాకే బరువు. పలచటివాళ్ళు దాన్ని ఎత్తలేక అవస్థపడతారు, ఒడ్డున సాధన చేసి చూడండి.

మన తీరానికి ప్రత్యేకమైన ప్రమాదం ఒకటుంది. ఒడ్డుకి దగ్గర బోల్తా కొట్టి పూర్తిగా తలకిందులైతే, 8 మీటర్ల మాస్ట్ కింది ఇసుకలో దిగుతుంది. అలకి పడవ ఊగుతుంటే మాస్ట్ కొన విరుగుతుంది. మాస్ట్ కొనకి బూర ఉంటే పడవ పక్కకి పడుకుంటుంది గాని తలకిందులు కాదు. వేగం పోతుందని రేసులవాళ్ళు తీసేస్తారు. మీరు పెట్టుకోండి.

అదే మాస్ట్ గురించి ఇంకో మాట. అల్యూమినియం మాస్ట్ కరెంటు తీగకి తగిలితే ప్రాణం పోతుంది. హోబీ వాళ్ళు మాస్ట్ పై భాగాన్ని కరెంటు పారని మిశ్రమ పదార్థంతో చేయడం ఊరికే మొదలుపెట్టలేదు. దాన్ని నమ్ముకుని తీగ కింద నిలబెట్టమని కాదు. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) పక్క కుప్పాల్లో ఇసుక మీదుగా తీగలు వేలాడుతుంటాయి. మాస్ట్ ఎక్కడ లేపుతారో, లేపాక ఏ దారిన నీళ్ళదాకా లాగుతారో, ఆ దారంతా తలెత్తి చూసుకుంటూ నడిచాకే పడవ ఎక్కడ ఉంచాలో తేల్చుకోండి.

చక్రాలు పడవతోపాటే కొనాలి, తర్వాత కాదు. సన్నటి గట్టి చక్రం మెత్తటి ఇసుకలో నాగలిలా దిగుతుంది. లావుపాటి బెలూన్ చక్రాలు తీసుకుని, గాలి మెత్తగా 3, 4 పీఎస్ఐ మాత్రమే పట్టండి. సైకిల్ పంపుతో గట్టిగా కొడితే మళ్ళీ నాగలే. హల్‌లు ఇరుసు మీద కూర్చున్నాక ముందు కొస ఒక చేత్తో లేపగలిగితే సరిగ్గా కూర్చున్నట్టు.

గాలి గురించి కొద్దిగా. జూన్, జూలై నెలల్లో పొద్దున పడమటి గాలి వీస్తుంది, నేల మీదనుంచి సముద్రంలోకి. ఒడ్డు దగ్గర నీళ్ళు గాజులా ఉంటాయి. ఎంత హాయిగా ఉందో అని వెళ్ళినవాళ్ళకి కిలోమీటరు దాటాక తెలుస్తుంది, వెనక్కి రావాలంటే అంతా ఎదురుగాలేనని. చిన్న తెరచాప ఉన్న ప్లాస్టిక్ పడవలు ఎదురుగాలికి మెల్లగా ఎక్కుతాయి. కాబట్టి మధ్యాహ్నం సముద్రపు గాలి వచ్చేదాకా ఆగండి. హైదరాబాదులో ఉన్న సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ళు ఇచ్చే అలల హెచ్చరికలు మనకే, మత్స్యకారులకి మాత్రమే అనుకోవద్దు. 50 న్యూటన్ల తేలే బలం ఉన్న జాకెట్టు లేనిదే ఎవరినీ ట్రాంపొలిన్ ఎక్కనివ్వొద్దు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్లు. 2016 డిసెంబరు 12న వర్దా, 2023 డిసెంబరులో మిచౌంగ్. మాస్ట్ దింపకుండా ఒడ్డున వదిలేసిన పడవ ఆ రెండింటికీ ఎగిరే సరుకే. ఇద్దరు మనుషులు పావుగంటలో మాస్ట్ దింపగలిగే పడవేనా అని అమ్మేవాడిచేత చేయించి చూడండి. చూపించలేనివాడి దగ్గర కొనొద్దు.

ఇక తెప్పించుకోవడం. కొత్తదైతే చాలావరకు బయటి దేశంనుంచే రావాలి. కంటెయినర్ లోపలి వెడల్పు సుమారు 2.35 మీటర్లు. హోబీ 16 వెడల్పు 2.41. ఆరు సెంటీమీటర్ల కోసం పడవంతా విప్పాలి. విప్పడం మంచిదే, కానీ బిగించే మనిషి ఇక్కడ ఉండాలి. ఇరవై అడుగుల కంటెయినర్ లోపల పొడవు 5.9 మీటర్లే, హోబీ 16 మాస్ట్ 8 మీటర్ల పైన. అంటే ఒక్క పడవ అయినా నలభై అడుగుల కంటెయినర్‌లో చోటు వెతుక్కోవాలి. మాస్ట్ రెండు ముక్కలుగా వచ్చే మోడల్ అయితే ఈ తలనొప్పి ఉండదు. నలుగురు కలిసి నాలుగు పడవలు ఒకేసారి తెప్పించుకోవడం అన్నిటికంటే తెలివైన పని, పైగా అందరివీ ఒకే మోడల్ అయితే విడిభాగాలు ఒకరివొకరు వాడుకోవచ్చు. కస్టమ్స్‌లో పడవ 8903 శీర్షిక కిందికి, విడిగా తెప్పించే తెరచాప 6306 కిందికి వస్తాయి. సుంకం రేట్లు మారుతుంటాయి, అడ్వాన్సు కట్టకముందే కస్టమ్స్ హౌస్ ఏజెంటు దగ్గర ఆ రోజు లెక్క రాయించుకోండి. పడవ ధర చూసి మురిసిపోయి, రేవులో నిలిచిపోయినవాళ్ళు ఉన్నారు.

ఆ కంటెయినర్‌లోనే విడిభాగాలు కూడా రావాలి. తర్వాత ఒక్క చుక్కాని తెప్పించాలంటే విమాన చార్జీ చుక్కాని ధరని మించుతుంది. ఒక పడవకి నేనైతే చుక్కాని పలకలు రెండు, క్యాస్టింగ్‌లు ఒక జత, క్యామ్‌లు నాలుగు, ష్రౌడ్, ఫోర్‌స్టే (మాస్ట్‌ని ముందునుంచి పట్టేది), బ్రిడిల్ తీగలు ఒక పూర్తి సెట్టు, ట్రాంపొలిన్ ఒకటి, టిల్లర్ కలిపే గొట్టం ఒకటి, డ్రెయిన్ ప్లగ్‌లు ఆరు, తీగలు తగిలించే క్లెవిస్ పిన్నులు పది, వాటికి వేసే చిన్న రింగులు యాభై అడుగుతాను. రింగులు యాభయ్యా అని నవ్వకండి. మాస్ట్ పడిపోయిన సందర్భాల్లో చాలావాటికి మూలం ఆ పది రూపాయల రింగే. ఇసుకలో పడితే దొరకదు, దొరకనప్పుడు తాత్కాలికంగా బైండింగ్ వైరు చుడతారు, ఆ తాత్కాలికం ఆర్నెల్లు నడుస్తుంది.

అమ్మేవాణ్ణి ఒక ప్రశ్న రాతపూర్వకంగా అడగండి: ఈ హల్ ఇప్పుడు తయారవుతోందా, లేక మిగిలిపోయిన నిల్వా? ఒక ఆగిపోయిన మోడల్ బదులు ఇంకో ఆగిపోబోతున్న మోడల్ కొనే ముచ్చట మనకొద్దు. హోబీ 16 నేను పదేపదే చెప్పడానికి కారణం వేగం కాదు. 1970 ప్రాంతం నుంచి ఆ ఆకారం మారలేదు, లక్షకు పైగా తయారయ్యాయి, కాబట్టి ఏ మూలనైనా భాగం దొరుకుతుంది. దాని లోపాలు నాకు తెలుసు. ముక్కులు సన్నం, గాలి పక్కనుంచి బలంగా వచ్చినప్పుడు కింది హల్ ముక్కు నీళ్ళలో దూరి పడవ ముందుకి పిల్లిమొగ్గ వేస్తుంది. ఇద్దరూ వెనక క్రాస్‌బార్ దాకా జరగాలి. గాలికెదురుగా మలుపు తిరగడం కూడా బద్ధకమే. ముందుండే చిన్న తెరచాప జిబ్‌ని వెంటనే మార్చకుండా వెనక్కి నిండనిచ్చి, పెద్ద తెరచాప తాడు మెయిన్‌షీట్ కొద్దిగా వదిలితే తిరుగుతుంది. ఇవి నేర్చుకుంటే పోయే లోపాలు. దొరకని క్యాస్టింగ్‌కి ఏ నేర్పూ పనికిరాదు.

ఇంకేమైనా అడగండి.

ప్రశ్న: మేం బెంగళూరులో ఉంటాం. చెరువులో వేసుకోవడానికి కాటమరానే కొనాలా?

వద్దండీ. చెరువు మీద గాలి నిమిషానికొక వైపు తిరుగుతుంది, కట్ట దగ్గర ఆగిపోతుంది. మాటిమాటికీ మలుపు తిరగాలి, కాటమరాన్‌కి చేతకాని పని అదే. హుస్సేన్‌సాగర్ మీద లేజర్లు, ఆప్టిమిస్టులు లాంటి ఒక్క హల్ పడవలు తిరగడానికి కారణం ఉంది. ఒక్క హల్ ఉన్న చిన్న పడవ తీసుకోండి.

ప్రశ్న: ఉప్పు కడగడానికి ఎన్ని నీళ్ళు కావాలి? మా కాలనీలో ట్యాంకరే దిక్కు.

2019 వేసవి నీళ్ళ కరువు చూసిన ఊరు కదా, అడగాల్సిన ప్రశ్నే. పడవంతా తడపక్కర్లేదు. రెండు బకెట్లు చాలు. ఒక బకెట్‌తో చుక్కాని క్యాస్టింగ్‌లు, బ్లాకులు, మాస్ట్ స్టెప్. రెండో దానితో ష్రౌడ్ తీగల కింది కొసలు, క్రాస్‌బార్ చివర్లు. తీగకి ప్లాస్టిక్ తొడుగు ఉంటే దాన్ని పైకి జరిపి కడగండి. ఉప్పు దాక్కునేది అందులోనే, తీగ పోగులు తెగేదీ అక్కడే. ఒక్క పోగు తెగినా ఆ తీగ మార్చాలి. స్టెయిన్‌లెస్ రివెట్టు అల్యూమినియంని తినేసే చోట తెల్లటి పొడి కనిపిస్తే, ఆ రివెట్టు డ్రిల్‌తో తీసేసి, లానోలిన్ గ్రీజు రాసి కొత్తది వెయ్యండి.

ప్రశ్న: కొత్తది వచ్చాక పాత పడవని ఏం చెయ్యాలి? కబాడీ వాడు మాస్ట్ ఒక్కటే అడుగుతున్నాడు.

ఇవ్వకండి. అదే మోడల్ ఇంకా నడుపుతున్నవాళ్ళకి ఆ పడవ విడిభాగాల కొట్టు. చుక్కాని క్యాస్టింగ్‌లు, మాస్ట్ స్టెప్, క్రాస్‌బార్‌లు విప్పి, కడిగి, ఏది ఎడమదో ఏది కుడిదో పెయింటు పెన్నుతో రాసి పెట్టుకోండి. ఎడమ చుక్కాని భాగాలన్నీ ఒకే సంచిలో వేయండి. హల్‌లు పనికిరాకపోయినా డ్రెయిన్ ప్లగ్ గూళ్ళు, ష్రౌడ్ తీగలు తగిలించే చెయిన్‌ప్లేట్లు తీసి ఉంచండి. మాస్ట్ మాత్రం చోటు లేదని రెండు ముక్కలుగా కోయించకండి. గోడ వారగా మూడు చోట్ల ఆన్చి పడుకోబెట్టండి, రెండు చోట్లే ఆన్చితే మధ్యలో వాలుతుంది.